సీసా పట్టుకున్నవాడు ఎటు చూడాలి

మా ఊళ్ళో నన్ను సీసాలాయన అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని, నాతో మాట్లాడేటప్పుడు రెండడుగులు వెనక్కి జరిగి ముక్కు ఎగబీలుస్తారు. వాళ్ళకేమీ దొరకదు. నా సీసాల్లో ఉండేది గాలి. పంతొమ్మిదేళ్ళుగా, వారానికొకటి చొప్పున, గాలి పట్టి మర బిగించి చీటీ అంటించి దూరాన ఉన్న ప్రయోగశాలకు పంపుతున్నాను. గాలికి తిరుగుతున్నాడని చిన్నప్పుడు మా నాన్న తిట్టేవాడు. పెద్దయ్యాక ప్రభుత్వం నాకు అదే పని ఇచ్చి, రాసుకోవడానికి ఒక పుస్తకం కూడా ఇచ్చింది.

ఊరి చివర కొండ సముద్రంలోకి ముక్కులా పొడుచుకొని ఉంటుంది. ఆ ముక్కు చివరే మా కేంద్రం: రెండు గదులు, ఒక సిమెంటు గట్టు, దానికో ఇనప కమ్మీ. ముక్కు మీద కాపురం కనక గాలి పీల్చడం తప్ప మాకు వేరే పని లేదు. అయితే ఈ పీల్చడానికి ఒక పద్ధతి ఉంది. గట్టు చివర నిలబడి ముఖం సముద్రం వైపు పెట్టాలి. చెయ్యి చాచి సీసాను తలకంటే ఎత్తున, మనకు ముందుగా పట్టుకోవాలి. గుండెనిండా ఊపిరి తీసుకుని బిగబట్టాలి. సీసాలోంచి గాలంతా ముందే తోడేసి ఉంటుంది గనక, మర తిప్పగానే లోకం సుయ్‌మని లోపలికి దూకుతుంది. పదిహేను అంకెలు లెక్కపెట్టి మర బిగించాలి. పక్కకు వచ్చాకే ఊపిరి వదలాలి.

ఇంత నిష్ఠ దేనికంటే, మేం కొలిచేది కార్బన్ డయాక్సైడ్. మా మామగారి కాలపు పాఠ్యపుస్తకంలో దాని పేరు బొగ్గుపులుసు వాయువు. బయటి గాలిలో పదిలక్షల పాళ్ళకు అది నాలుగువందల ఇరవై పాళ్ళుంటే, మనిషి వదిలే ఊపిరిలో నలభై వేలుంటుంది. పట్టేవాడి ఊపిరి ఒక్క పిసరు సీసాలో దూరినా ఆ సీసా అబద్ధం చెబుతుంది. అందుకే సముద్రం వైపు చూడమంటారు. గాలి అటునుంచి వస్తుంది, మన ఊపిరి మన వెనక్కి పోతుంది. దాదాపు వెయ్యి సీసాలు పట్టాను, తప్పు పట్టావని ఒక్కటీ వెనక్కి రాలేదు. నా ఉద్యోగంలో ఊపిరాడకపోవడమే నైపుణ్యం.

గది గోడమీద ఈ చివరనుంచి ఆ చివరకు కాగితాలు అతికించి, పెన్సిలుతో ఒక గీత గీస్తూ వచ్చాను. నా మొదటి సీసా లెక్క మూడువందల ఎనభై రెండు. ఏటా చెట్లు చిగిర్చినప్పుడు గీత కాస్త దిగుతుంది, ఆకులు రాలాక ఎక్కుతుంది. మూడు మెట్లు దిగితే అయిదు మెట్లు ఎక్కుతుంది. మొదట్లో ఏడాదికి రెండు పెరిగేది, ఇప్పుడు రెండున్నర దాటుతోంది. లోకమంతా తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చున్న ఏడాది, ఈసారన్నా దిగుతుందేమోనని సీసాను ఆశగా పంపాను. లోకం పొగ కాస్త తగ్గించిన మాట నిజమేనట. తొట్టిలోకి కుళాయి కొంచెం సన్నగా తిప్పినంత మాత్రాన తొట్టి నిండటం ఆగదుగా. గీత ఆ ఏడూ ఎక్కింది. కాగితం పైన చోటు అయిపోయి మరో వరస అతికించాల్సి వచ్చింది.

ఇంతలో కొండెక్కి మా తోడల్లుడు వచ్చాడు.

మా మరదలి మొగుడు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న, నాకంటే నాలుగంగుళాలు ఎత్తు, వీటిలో ఏ ఒక్కటీ క్షమించదగ్గది కాదు. తోడల్లుడంటే తోడుండే అల్లుడని అమాయకులు అనుకుంటారు. తోడేలుకీ ఆ మాటకీ మధ్య ఉన్నది రెండక్షరాల దూరం. అతని వెంట నలుగురు మోసుకొచ్చిన మిషను ఒకటి వచ్చింది. పక్కగదిలో పెట్టారు. కప్పుమీద గొట్టం, లోపల పంపు, ముందు తెర. గాలిని సెకనుకోసారి తనే పీల్చి, తనే కొలిచి, తనే అంకె చూపిస్తుంది. ఊపిరి బిగబట్టనక్కర్లేదు. కాఫీ తాగుతూ కొలవొచ్చు. తాగుతూనే కొలిచేవాడు.

మా మామగారు గడియారాలు బాగుచేసే ఆయన. ఇంట్లో ముందుగది గోడనిండా గడియారాలే. మిషను సంగతి విన్న రోజునే నా బతుకు గంట కొట్టేసింది.

"చిన్నల్లుడి మిషను సెకనుకోసారి చెబుతుందట. మీ సీసా ఎంతకోసారి, పెద్దల్లుడుగారూ?" అన్నారు.

"వారానికోసారండి. జవాబు రావడానికి ఇంకో రెండు నెలలు."

ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి జాలిగా చూశారు. "వారానికోసారి మోగే గడియారమైతే నేను అంగట్లో పెట్టను."

మా ఆవిడ నవ్వింది. మరదలు నవ్వింది. తోడల్లుడు మాత్రం నవ్వకుండా, "అలా అనకండి మామయ్యగారూ, అన్నయ్య సీసాలే అసలు లెక్క" అన్నాడు. వాడు నవ్వినా బాగుండేది. వాడి మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండింది.

ఆ మంటకు ఒక కారణం కూడా ఉంది. పై ఆఫీసునుంచి కాగితం వచ్చింది. ఏడాదిపాటు సీసా, మిషను పక్కపక్కన నడవాలి. లెక్కలు కలిస్తే ఒకదానికొకటి సాక్షిగా రెండూ ఉంటాయి. కలవకపోతే, తప్పు ఎటుందో తేల్చి దాన్ని ఆపేస్తారు. పంతొమ్మిదేళ్ళ పెన్సిలు గీత ఆ ఏడాది చివర ఆగిపోవచ్చన్నమాట. గీతతో పాటు నేనూ.

ఆ ఏడాదంతా కొండకు జనం ఎక్కారు. నా సీసాను చూడటానికి ఎవరూ ఏనాడూ ఒక్క మెట్టు ఎక్కలేదు. మిషను చూడటానికి బడిపిల్లలు, వాళ్ళ టీచర్లు, పత్రికవాళ్ళు, చివరికి మా డాక్టరు కూడా రొప్పుకుంటూ వచ్చాడు. అందరూ తెరముందు నిలబడి, "అమ్మో, నాలుగువందల ఇరవయ్యొకటి" అనేవారు. నేను అదే సంగతి పంతొమ్మిదేళ్ళుగా చెబుతుంటే గాలి కబుర్లన్నారు. అంకె తెరమీద వెలిగేసరికి గాలి కాస్తా గ్లోబలైపోయింది.

పత్రికలో ఫొటో పడింది. మిషను పక్కన తోడల్లుడు, చేతులు కట్టుకుని. మామగారు దాన్ని పెద్దది చేయించి అద్దం కట్టించి, గోడమీద రెండు గడియారాల మధ్య తగిలించారు. నా పెళ్ళిఫొటో తీసి ఆ మేకుకే తగిలించారని తర్వాత తెలిసింది. అప్పట్నుంచి ఆ ఇంటికి వెళ్తే నేను కిటికీవైపు తిరిగి కూర్చునేవాణ్ణి. ఆ ఫొటో చూస్తే కాఫీ సహించేది కాదు.

ఏడాది ముగిశాక, ప్రయోగశాలనుంచి యాభై రెండు సీసాల లెక్కలూ వరసగా వేసిన పట్టిక వచ్చింది. నలభై అయిదు వారాలు సీసా, మిషను అచ్చుగుద్దినట్టు ఒకటే. ఏడు వారాలు మాత్రం సీసా ఎక్కువ. ఒకచోట నాలుగు పాళ్ళు, ఒకచోట ఆరు, ఒకచోట ఏకంగా తొమ్మిది.

నాకు పండగైపోయింది. సీసా ఎక్కువంటే మిషను తక్కువన్నమాట. వెయ్యి సీసాలు తప్పు చెప్పనివాణ్ణి, ఈ ఏడూ తప్పు చెబుతానా. మిషనుకు నిద్ర పడుతోంది, లేదా మిషనుగాడికి పడుతోంది. ఆ పూటే పై ఆఫీసుకు నాలుగు పేజీల ఉత్తరం రాశాను. "ఈ యంత్రము వాయువును గాక వాయిదాను కొలుచుచున్నట్లున్నది" అని ఒక వాక్యం పెట్టి, దాన్ని మూడుసార్లు చదువుకుని, కింద గీత గీశాను. యంత్రాన్నీ దాని సంరక్షకుణ్ణీ వేరేచోటికి పంపితే కేంద్రానికి మంచిదని ముగించాను.

ఉత్తరం డబ్బాలో వేసి వచ్చి, సంతోషం పట్టలేక మా ఆవిడకు చెప్పాను. ఆవిడ బట్టలు మడతపెడుతోంది.

"మా చెల్లెల్ని ఊరు దాటిస్తున్నారన్నమాట" అంది.

"నేనెందుకు దాటిస్తాను. అంకెలు దాటిస్తున్నాయి."

"అంకెలకి కడుపుమంట ఉండదండీ" అని మడతపెట్టిన చొక్కా నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది.

జవాబు వారంలో వచ్చింది. పై ఆఫీసులో లెక్కలు సరిచూసే మేడమ్ గురువారం స్వయంగా వస్తున్నారు, ఇద్దరూ పుస్తకాలతో సిద్ధంగా ఉండాలి.

దానికి ముందు ఆదివారం మధ్యాహ్నం మామగారింట్లో భోజనాలు. ఉత్తరం సంగతి తోడల్లుడికి అప్పటికే తెలుసు, అతనికీ నకలు వెళ్ళింది. అయినా పీట నాకే ముందు జరిపాడు. నేను యథాప్రకారం కిటికీవైపు కూర్చున్నాను. మామగారు గోడ గడియారాలకు కీ ఇస్తూ, ఫొటో దగ్గర ఆగి, జేబురుమాలుతో అద్దం తుడిచారు.

"పెద్దల్లుడుగారూ, మీరు దీన్ని ఒక్కసారీ సరిగ్గా చూళ్ళేదు. మీరూ ఉన్నారిందులో."

"నేనా?"

"ఫొటోలో ఆ కిటికీలోంచి చూడండి. నేను అందుకే పెద్దది చేయించాను. ఇద్దరల్లుళ్ళూ ఒకే చట్రంలో ఉన్నారు కదా అని, ఆ పెళ్ళిఫొటో పాతదైపోతే దాని చోట్లో ఇది పెట్టాను."

లేచి వెళ్ళాను. మిషను, దాని పక్కన తోడల్లుడు, అతని భుజం వెనక కిటికీ. కిటికీ బయట గట్టు. గట్టుమీద చెయ్యెత్తి సీసా పట్టుకున్న మనిషి. మనిషి అంటే నేనే. కానీ నా వీపు కనిపించాలి. ముఖం కనిపిస్తోంది.

నేను సముద్రం వైపు లేను. గదివైపు తిరిగి ఉన్నాను. గాలి నా వెనకనుంచి వస్తోంది, జుట్టంతా ముందుకు ఎగురుతోంది. సీసా నా ముక్కుకు ముందు, నా ఊపిరి పోయే దారిలోనే ఉంది. పైగా నోరు తెరిచి ఉంది.

"ఏదో అంటున్నట్టున్నారు బావగారూ" అంది మరదలు, వెనకనుంచి తొంగిచూసి.

ఏమంటున్నానో నాకు తెలుసు. తోడేలు అంటున్నాను.

ఫొటో కింద పత్రిక తేదీ ఉంది. ఫొటో తీసింది ఏనాడోనని మనసులో ఒక రోజు వెనక్కి వెళ్ళాను. ఏడింటిలో ఒకటి. తొమ్మిది పాళ్ళది.

అన్నం సగంలో లేచి కొండెక్కాను. నా పుస్తకం ఒక పక్క, మిషను గది సందర్శకుల పుస్తకం ఒక పక్క పెట్టుకున్నాను. బడిపిల్లలు చప్పట్లు కొట్టిన రోజు: నాలుగు పాళ్ళు ఎక్కువ. డాక్టరు వచ్చి, "ఏం మిషనయ్యా, ఏం మిషను" అన్న రోజు: అయిదు. మామగారు కర్ర పట్టుకుని కొండెక్కి, నా గది దాటి నేరుగా పక్కగదిలోకి వెళ్ళిన రోజు: ఆరు. అలా ఏడుకు ఏడూ. అవతల నవ్వులు వినపడినప్పుడల్లా నేను సీసాతో సహా తిరిగాను. ముఖం తిరిగాక మనసులో మాట నోట్లోకి వచ్చింది. నోట్లోంచి సీసాలోకి వెళ్ళింది.

పంతొమ్మిదేళ్ళ అలవాటు మరి, చెయ్యి ఎత్తే ఉంది, అంకెలు లెక్కపెడుతూనే ఉంది, మర సరిగ్గానే బిగించింది. మెడ ఒక్కటే పక్కింటిదైపోయింది.

మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేను మొదట చేసింది చెబుతాను. సందర్శకుల పుస్తకాన్ని బీరువాలో అడుగున పెట్టాను. ఆ ఫొటోను మేడమ్ చూసే అవకాశం లేదు. యంత్రానికి నా మీద సాక్ష్యం చెప్పే నోరు లేదు. నా ఉత్తరం నిలిస్తే సీసా ఉంటుంది, నేనుంటాను, నాలుగంగుళాల ఎత్తు కొండ దిగి వెళ్ళిపోతుంది. ఎంత హాయి.

ఆ హాయిలో పెన్సిలు తీసి, ఏడాది సీసాల చుక్కలు గోడమీద పెట్టడం మొదలుపెట్టాను. నలభై అయిదు చుక్కలు గీతమీద బుద్ధిగా కూర్చున్నాయి. ఏడు మాత్రం గీత పైకి ముఖంమీద మొటిమల్లా పొంగాయి. దూరంగా జరిగి చూశాను. లోకంలో ఎన్ని బొగ్గు కొలుములు మండుతున్నాయో, ఎన్ని బళ్ళు తిరుగుతున్నాయో, చెత్తగుట్టలు ఎంత కుళ్ళి ఎంత వాయువు వదులుతున్నాయో, అన్నిటికీ పట్టికలున్నాయి. కడుపుమంటా మంటే, కుళ్ళూ కుళ్ళే, కానీ నాకు ఏ పట్టికలోనూ గడి లేదు. వాళ్ళందరి పద్దులో నన్ను కలిపేసుకుని, గీత అంత ఎత్తున నిలబడి నన్నే చూస్తోంది. ఆ చుక్కలు అలాగే ఉంచి దాన్ని నా గీత అనడానికి నోరు రాలేదు. రబ్బరు తీసుకున్నాను. చెరపడానికి చెయ్యి రాలేదు.

గురువారం మేడమ్ వచ్చారు. పొట్టిగా, చేతిసంచీతో, మెట్లెక్కినా ఆయాసం లేకుండా. కుర్చీ వెయ్యమంటే వద్దని గోడ దగ్గరికి వెళ్ళి గీతను ఈ చివరనుంచి ఆ చివరకు నడిచి చూశారు. తోడల్లుడు తన గది గుమ్మంలో నిలబడ్డాడు, చేతులు కట్టుకోకుండా.

"మీ ఉత్తరం చదివాను. భాష బాగుంది" అన్నారు మేడమ్. "నా భయం ఏమిటో చెప్పనా. ఈ గీత అబద్ధమని చెప్పడానికి కాచుక్కూర్చున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒకే కొండమీద, ఒకే గాలికి, రెండు లెక్కలట అంటారు. వాళ్ళకి ఇంకేం అక్కర్లేదు. మిషను తప్పని మీరు గట్టిగా చెప్పగలిగితే ఈరోజే ఏడాది లెక్క మొత్తం కొట్టేస్తాను. చెప్పండి, గట్టిగా చెప్పగలరా?"

గట్టిగా మాట్లాడటం నాకు పుట్టుకతో వచ్చింది. అవునంటే సరిపోయేది. గోడమీద ఏడు చుక్కలు ఆవిడ తల పక్కనే ఉన్నాయి.

బీరువా తీసి సందర్శకుల పుస్తకం బల్లమీద పెట్టాను. నా సంచీలోంచి అద్దం కట్టిన ఫొటో తీసి దాని పక్కన పెట్టాను. పొద్దున్నే మామగారింటికి వెళ్ళి మేకు మీదనుంచి తీసుకొచ్చాను. గడియారాలన్నీ టిక్కుటిక్కుమంటూ చూశాయి.

"తప్పు మిషనులో లేదండి. సీసాలో కూడా లేదు. కిటికీలో చూడండి."

మేడమ్ చాలాసేపు చూశారు. ఏడు తేదీలూ వేలితో సరిచూసుకున్నారు. "నోరెందుకు తెరిచారు?"

"మా తోడల్లుణ్ణి తిట్టుకుంటున్నానండి."

"ఏడుసార్లూనా?"

"మొదటి రెండుసార్లు నిట్టూర్చి ఊరుకున్నాను."

ఆవిడ నవ్వలేదు. గుమ్మంవైపు తిరిగి, "మీ కిటికీలోంచి ఈయన కనిపించలేదా?" అని అడిగారు.

తోడల్లుడు నేల చూశాడు. "కనిపించారండి. మొదటిసారే చూశాను."

"మరి చెప్పలేదేం? సీసా తప్పుగా పడుతున్నారని తెలుసుగా?"

"తెలుసండి." నావైపు తిరిగాడు. "మా ఇంట్లో నలుగురన్నదమ్ముల్లో ఆఖరివాణ్ణి, అన్నయ్యా. పెద్దాళ్ళు తొడిగి విప్పినవే నాకు. నన్ను చూసి ఎవరూ ఏనాడూ కుళ్ళుకోలేదు. మీరు పని ఆపి మరీ చూస్తుంటే... బాగుండేది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను."

మేడమ్ వద్దన్న కుర్చీ అతనివైపు జరిపాను. అది మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

"బాగానే ఉంది" అన్నారు మేడమ్. "ఒకాయన చూశాడు, ఒకాయన చూపించుకున్నాడు. గాలిని చూసినవాడు లేడు." బల్లమీదున్న ఎర్ర పెన్ను నాకిచ్చారు. పట్టికలో ఏడు వరసలమీద ఏడు గీతలు గీసి, పక్కన నా చేతే రాయించారు: పట్టినవాడి ఊపిరి కలిసింది. ఏడుసార్లు రాశాను. మిగిలిన నలభై అయిదూ మిషనుతో కలిశాయి కనక సీసా ఉంటుందన్నారు. ప్రాణం లేచొచ్చింది.

"సీసా ఉంటుంది. పట్టే చెయ్యి మారుతుంది. వచ్చే వారంనుంచి సీసా ఆయనది, మిషను మీది. ఈ మిషను ముందు మీరు ఎటు తిరిగినా, ఎవర్ని తిట్టుకున్నా దానికి పట్టదు. దాని గొట్టం కప్పుమీద ఉంది."

అలా నేను లోపలికి వచ్చాను. కుర్చీ మెత్తగా ఉంది, కాఫీ తాగుతూ కొలవొచ్చు. మామగారు ఫొటో మళ్ళీ తగిలించలేదు. గోడ ఖాళీగా ఉందేమని నేను అడగలేదు. చిన్నల్లుడు సీసా పట్టే విధానం గురించి మాత్రం ఆయన ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు. ఎంత ఓపిక, ఎంత నిలకడ, మిషన్లదేముందండీ అంటున్నారు. ఊళ్ళో సీసాలాయన అంటే ఇప్పుడు ఇద్దరిలో ఎవరని అడుగుతున్నారట.

మొన్న మంగళవారం నా కిటికీలోంచి చూశాను. అతను గట్టు చివర నిలబడ్డాడు. నాకు కనిపించింది వీపు ఒక్కటే. చెయ్యి చాచి సీసా ఎత్తాడు. ఎత్తు మనిషి కదా, సీసా నేను పట్టినదానికంటే నాలుగంగుళాలు పైన ఉంది. ఒక్కసారి అద్దంమీద వేలితో టకటకలాడిస్తే మెడ తిప్పి చూస్తాడు. వేలు అద్దందాకా వెళ్ళింది.

గుండెనిండా పీల్చి, నేనూ ఊపిరి బిగబట్టాను. లెక్కపెట్టాను. పదిహేనుకు నాది అయిపోయింది, బుస్సుమని వదిలేశాను. అతను కదల్లేదు. పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు. అప్పుడు మర బిగించి, పక్కకొచ్చి, తీరిగ్గా ఊపిరి వదిలాడు. ఒక్కసారీ వెనక్కి చూడలేదు.

తెరమీద నాలుగువందల ఇరవై నాలుగు వెలుగుతోంది. మా కేంద్రంలో ఇంతవరకు ఇంత ఎత్తు రాలేదు. గోడ దగ్గరికి వెళ్ళి చుక్క పెట్టాను, దానికోసం మళ్ళీ పైన కాగితం అతికించాల్సి వచ్చింది. ఆ అంకె ఇంట్లో అందరికీ చెప్పాను. ఇరవై రెండు సంగతి మాత్రం మామగారికి చెప్పలేదు.